టేపు పట్టని కనకం

కనకం బట్టలు కుడుతుంది గాని కొలతలు తియ్యదు. టేపు అనే వస్తువు ఆమె షాపులో కనిపించదు. ఎవరైనా పొరపాటున మెళ్లో వేసుకుని వస్తే, చెప్పులతో పాటు దాన్నీ గుమ్మం బయటే పెట్టించేస్తుంది. మరి కొలతలెలా తెలుస్తాయంటారా? వచ్చినవాళ్లచేత డాన్సు చేయిస్తుంది.

నమ్మకపోతే అనకాపల్లి వచ్చి మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. నన్నడిగితే ఇంకా బాగా చెబుతాను, ఎందుకంటే ఆమె షాపుకీ నా షాపుకీ మధ్య ఉన్నది ఒకే గోడ. నా పేరు త్రినాధరావు. షీల్డులూ, కప్పులూ, మెమెంటోలూ అమ్ముతాను, వాటిమీద పేర్లు చెక్కి ఇస్తాను. ఆటల్లో గెలిచినవాళ్లు నా దగ్గరికొస్తారు. ఆడకముందే గెలిచినవాళ్లలా కనిపించాలనుకునేవాళ్లు కనకం దగ్గరికెళతారు. రెండో రకం వాళ్లే ఎక్కువని ఆమె వచ్చాకే నాకు తెలిసింది.

పూర్తి పేరు కనకమహాలక్ష్మి. పూడిమడకలో చేపల వేట మీద బతికే కుటుంబం. హైదరాబాదులో ఫ్యాషన్ డిజైనింగ్ చదివి, బెంగుళూరులో పబ్బుల్లో పాడేవాళ్లకీ డీజేలకీ బట్టలు తయారుచేసే కంపెనీలో చాలాకాలం పనిచేసింది. రాత్రి పబ్బులో మెరిసే బట్ట పొద్దున్న గ్రౌండులో ఎందుకు మెరవకూడదని అక్కడ ఆమెకో ఆలోచన వచ్చింది. నల్ల వెల్వెట్ ట్రాక్ సూట్లు, పక్కన వెండి పట్టీ ఉన్న శాటిన్ ప్యాంట్లు, చేప పొలుసుల్లా చమ్కీలు కుట్టిన జాకెట్లు, ఇవీ ఆమె సరుకు. కుట్టడానికి పక్క వీధిలో కొందరు ఆడవాళ్లని కూడా పెట్టుకుంది. పెద్ద ఊళ్లలో వీటిని వేసుకుంటే జిమ్ నుంచి అలాగే పబ్బుకి పోవచ్చునట. మా ఊళ్లో పబ్బు లేదు కాబట్టి జిమ్ నుంచి అలాగే బెల్లం మార్కెట్‌కి పోతున్నారు. ధర విన్నవాళ్లు కూలబడడానికి షాపులో ఒక మెత్తటి సోఫా కూడా వేయించింది.

ఇంత చేసి ఆ షాపేదో బెంగుళూరులోనే పెట్టక ఇక్కడెందుకమ్మా అని మొదటి వారమే అడిగాను.

"మా అప్ప రోజూ ఇక్కడికే కదా బాబాయ్ సేపలు తెచ్చి అమ్ముతాది. బేరం అయిపోయేక ఈడకొచ్చి నాతో టీ తాగి ఎల్లిపోద్ది. బెంగుళూరుకి సేపల డిప్ప ఎత్తుకుని రాలేదు కదేటి," అంది.

అప్ప అంటే ఆమె అక్క అప్పలకొండ. భారీ మనిషి, భారీ గొంతు. చేపలు అమ్ముడైపోయాక ఖాళీ డిప్ప చంకన పెట్టుకుని వస్తుంది. షాపులోకి అడుగుపెట్టే ముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి లోపలంతా కలియజూసి, అప్పుడు వస్తుంది. అదెందుకో నాకు చాలాకాలం తెలియలేదు. చేపల మనిషి కదా, శుభ్రంగా ఉన్న చోటుకి రావడానికి మొహమాటమేమో అనుకున్నాను.

సరే, డాన్సు సంగతి. షాపు వెనక ఒక గది ఉంది. గోడలకు నల్లరంగు, కిటికీలకు నల్ల తెరలు, పైన తిరిగే అద్దాల బంతి, ఎరుపూ నీలం లైట్లు. బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో మాత్రం ఎప్పుడూ అర్ధరాత్రే. ట్రాక్ సూటు కావాలని ఎవరు వెళ్లినా ఆ గదిలో నిలబెట్టి పాట పెడుతుంది. తను మూల స్టూలు మీద కూర్చుని చూస్తుంది. పాట అయిపోయేసరికి ఆమెకు కావలసినవన్నీ తెలిసిపోతాయి. ఆన్‌లైన్లో కొనేవాళ్లయితే డాన్సు వీడియో పంపాలి. ఢిల్లీ నుంచి ఎవరో పెద్దాయన కుర్చీలో కూర్చుని చేతులు మాత్రమే ఊపి పంపితే, ఆయనకు చేతులు మాత్రమే కుట్టి పంపుతానని జవాబు రాసింది.

నేను పాతకాలం వాణ్ణి. మా చిన్నప్పటి టైలరు టేపు చుట్టి, అంకె చెప్పాడంటే వీధి చివరికి వినపడేది. లోపల కూర్చున్నవాడు అది విని రాసుకునేవాడు. అదీ పద్ధతి. ఈ గంతులేమిటని కనకాన్ని అడిగాను.

"టేపు ముందు నిలబడితే అందరూ అబద్ధమే సెప్తారు బాబాయ్. పొట్ట లోపలికి లాగేత్తారు, ఊపిరి బిగపట్టీసి బొమ్మలా నిలబడిపోతారు. ఆ కొలతకి కుడితే ఆ మనిషి బతికినన్నాళ్లూ ఊపిరి పీల్సకుండా తిరగాల. అదే డాన్స్ కట్టేడనుకో, రెండో నిమిషానికి పొట్ట సంగతి మర్సిపోతాడు."

అదేదో చూడాలనిపించింది. అందుకని నేనూ, మా వాకింగ్ క్లబ్బు ప్రెసిడెంటు సన్యాసిరాజూ కలిసి ఒకరోజు వెళ్లాం. సన్యాసిరాజు రిటైరైన సబ్ రిజిస్ట్రారు, నాకు వరసకి బావ. మనిషి ఈనెపుల్లలా ఉంటాడు. నేనెలా ఉంటానో ఇప్పుడెందుకు గాని, ఈనెపుల్లలా మాత్రం ఉండను.

"ఇంత సర్వీసు చేసేను గాని ఎవరి ముందూ తల ఒంచలేదు. ఇప్పుడీ వయసులో నడుం ఒంచమంటావేటమ్మా?" అని బావ గుమ్మంలోనే మొరాయించాడు.

"ఒంచొద్దు మావయ్యా. ఊపు," అంది కనకం.

తలుపు వేసుకుంది. పాట మొదలైంది. నేను సోఫాలో కూర్చుని వింటున్నాను. పాట అయిపోయింది. మళ్లీ మొదలైంది. మూడోసారి కనకమే చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి, "బాబాయ్, నాకు కొలత దొరికి సాలాసేపయ్యింది. మావయ్య ఆపటం లేదు," అని నాతో ఫిర్యాదు చేసింది. ఆ తర్వాత బావ ప్రతి వారం కొలత మారిందేమో చూడమని వెళ్లేవాడు. నా డాన్సు గురించి చెప్పను. చూసింది కనకం ఒక్కతే, ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు.

కొలతలు లేకపోతే మానె, సైజులైనా ఉండాలి కదా. అక్కడా అదే తిరకాసు. జాకెట్టు మెడ వెనక ఎస్ అనో, ఎమ్ అనో, ఎల్ అనో ఉండవలసిన చోట ఒక చిన్న వెండిరంగు గుడ్డముక్క ఉంటుంది. దాని మీద మన జిల్లాలోని ఒక మండలం పేరు ఉంటుంది. చీడికాడ, నక్కపల్లి, కె. కోటపాడు, కశింకోట, ఇవే సైజులు. వీటిలో చిన్నదేదో పెద్దదేదో ఆమె చెప్పదు.

ఒకసారి ఇద్దరు బ్యాంకు ఉద్యోగినులు వచ్చి నిలదీశారు. వాళ్లు వేర్వేరు రోజుల్లో కుట్టించుకున్నారు, ఆఫీసులో ఒకరి మెడ ఒకరు చూసుకున్నారు.

"నాది చీడికాడ. ఈవిడది నక్కపల్లి. రెండిట్లో పెద్దదేదండీ?"

"జనాభాలోనా అండి, విస్తీర్ణంలోనా?"

"సైజులో!"

"అది కలెక్టరాఫీసులో అడగాలండి," అంది కనకం మొహంలో ఏ మార్పూ లేకుండా.

దాంతో ఊళ్లో కొత్త అలవాటు మొదలైంది. స్టేడియంలో పొద్దున్న నడిచేవాళ్లు బాగున్నారా అనడం మానేసి "మీదే మండలం?" అని అడుగుతున్నారు. నాదీ సన్యాసిరాజు బావదీ కూడా కశింకోటే. ఈ సంగతి నేను కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఈనెపుల్ల బావదీ నాదీ ఒకే సైజని తేలితే ఎవరు మాత్రం చెప్పుకోరు? మా ఆవిడ ఉమాదేవితో అయితే రోజూ చెప్పేవాణ్ణి. ఆవిడ వినేసి ఊరుకునేది.

ఆ ఉమాదేవే ఒకరోజు నాకు చెప్పకుండా కనకం షాపుకి వెళ్లింది. పెళ్లయిన దగ్గర్నుంచి చీర తప్ప ఇంకోటి కట్టని మనిషి. నేను నా షాపులో ఏదో స్కూలు వాళ్ల షీల్డు మీద అక్షరాలు చెక్కుతున్నాను. గోడ అవతల పాట వినపడింది, దానితో పాటు ఒక నవ్వు. ఎక్కడో విన్న నవ్వే అనుకున్నాను. కాసేపటికి అది నా భార్యదని గుర్తుపట్టాను. ఆ కంగారులో ద్వితీయ బహుమతి షీల్డు మీద ప్రథమ అని చెక్కేశాను. ఆ ఏడాది ఆ స్కూల్లో ప్రథములు ఇద్దరయ్యారు, ఎవరూ గొడవ చెయ్యలేదు. నాలుగు రోజుల తర్వాత ఉమాదేవి మెరూన్ వెల్వెట్ ట్రాక్ సూటులో ఇంటికొచ్చి, "కె. కోటపాడు. ఇంకేటీ అడక్కండి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నాకంటే ముందు నడుస్తోంది. బాగుంది. ఆ మాట ఆమెతో అనలేదు గాని నిజంగా బాగుంది.

అంతా ఇలా సాఫీగా సాగుతుండగా కనకం ఒకరోజు టీ తాగుతూ మామూలు గొంతుతో చెప్పింది.

"బాబాయ్, షాపు మూసీవలసి వచ్చీలాగుంది. ఈ సిన్న సిన్న ఆన్‌లైన్ ఆర్డర్లతో ఇంతమంది కుట్టీవోళ్లకి పని సూపించలేకపోతన్నాను. బెంగుళూరు పాత కంపెనీ వోళ్లు రమ్మంతన్నారు. ఒక పెద్ద ఆర్డరు రాకపోతే ఈ నెలాఖరికి ఎల్లిపోతాను."

"మరి మీ అప్ప టీ?" అన్నాను. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న అది కాదు గాని నాకదే తోచింది.

కనకం సగం తాగిన గ్లాసు పక్కన పెట్టేసింది. నాకు చాలా బాధేసింది. గోడ అవతల పాట లేకుండా షీల్డులు చెక్కడం ఎలాగో నేను అప్పటికే మర్చిపోయాను.

అదృష్టం కొద్దీ పెద్ద ఆర్డరు దానంతటదే వెతుక్కుంటూ వచ్చింది. పెద్ద పెద్ద నగరాల్లో షాపులున్న ఒక కంపెనీ హైదరాబాదు నుంచి నితీష్ అనే కుర్రాణ్ణి పంపింది. బొద్దుగా, ముచ్చటగా ఉన్నాడు. బిగుతు టీ షర్టు వేసుకుని, దాన్ని నిమిషానికోసారి పొట్ట మీంచి ముందుకి లాక్కుంటూ మాట్లాడతాడు. జాకెట్లన్నీ చూసి కళ్లు చక్రాల్లా తిప్పాడు.

"మేడమ్, ఇలాంటివి నేనెక్కడా చూళ్లేదు. మా అన్ని స్టోర్స్‌లో పెడతాం. సైజ్ చార్ట్ మెయిల్ చెయ్యండి, ఆర్డర్ కన్ఫర్మ్ చేసేస్తాను."

"సైజ్ చార్ట్ లేదండి," అంది కనకం.

"అంటే, తయారవుతోందా?"

"అంటే, లేదండి."

అతను సోఫాలో కూర్చున్నాడు. ఆ సోఫా ధరలు విన్నవాళ్లకే కాదు, ఇలాంటివాళ్లకీ పనికొచ్చింది. మెడ మీద అంకె లేకుండా కంపెనీ ఏ బట్టా తీసుకోదనీ, అది రూలనీ, వచ్చే శుక్రవారం మళ్లీ వస్తాననీ, ఈలోగా చార్టు ఉంటే ఆర్డరు, లేకపోతే లేదనీ చెప్పి, టీ షర్టు లాక్కుంటూ వెళ్లిపోయాడు.

"నాలుగంకెలు రాసిస్తే నీ సొమ్మేం పోయిందమ్మా?" అని నేను మండిపడ్డాను.

"అంకెలొద్దు బాబాయ్."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. ఇంకోటి మాటాడు." ఆమె కోపంగా మాట్లాడడం చూడ్డం అదే మొదటిసారి.

అంత మొండితనమైతే ఎలా? ఈ పిల్ల చెయ్యకపోతే నేనే చేస్తాననుకున్నాను. శుక్రవారం పొద్దున్న కనకం బట్ట కొనడానికి విశాఖపట్నం వెళ్లింది. ఆమె ఊళ్లో లేనప్పుడు షాపు తాళం నా దగ్గరే ఉంటుంది. బజారులో కొత్త టేపు కొని, దొంగలా లోపలికి దూరి, తయారై వేలాడుతున్న జాకెట్లు ఒక్కొక్కటే బల్ల మీద పరిచి కొలవడం మొదలుపెట్టాను. చీడికాడ ఇంత, నక్కపల్లి ఇంత అని ఒక కాగితం మీద రాసేస్తే చార్టు అయిపోతుంది. షీల్డుల మీద ఇంతకంటే కష్టమైనవి చెక్కాను.

కాని పని కుదరలేదు. ఒక చీడికాడ సన్నగా ఉంది. దాని పక్కనున్న చీడికాడ దానికి రెట్టింపుంది. ఒక నక్కపల్లిలో ఇంకో నక్కపల్లి పట్టేస్తుంది. కొలిచినకొద్దీ నా బుర్ర తిరిగింది. ఆఖరికి నా ఒంటిమీద ఉన్న కశింకోట విప్పి కొలిచాను. చేతులు సరిచెయ్యమని సన్యాసిరాజు బావ ఇచ్చి వెళ్లిన కశింకోట కూడా అక్కడే ఉంటే దాన్నీ కొలిచాను. నాది బావదానికంటే జానెడు వెడల్పు! అన్నాళ్లూ ఊరంతా తిరిగి ఏం చెప్పుకున్నానో తల్చుకుని చెవులు వేడెక్కాయి.

"బాబాయ్! సేతిలో ఆ టేపేటి?"

కనకం గుమ్మంలో ఉంది. పక్కన నితీష్. ఇద్దరూ వీధి మొగలో కలిసినట్టున్నారు.

ఎదుటివాళ్లే తప్పు చేసినట్టు అరవడం తప్ప నాకు ఇంకో దారి కనిపించలేదు. "టేపు సంగతి తర్వాత! ఇదేం వ్యాపారం? ఏ చీడికాడా ఇంకో చీడికాడతో కలవదు! నాదీ బావదీ ఒకే కశింకోట ఎలా అయింది? ఒక పద్ధతీ పాడూ లేదా?"

నితీష్ రెండు చీడికాడలు చేతిలోకి తీసుకుని పక్కపక్కన పెట్టి చూశాడు. మొహం పాలిపోయింది. "మేడమ్, సారీ. ఒకే లేబుల్‌కి ఇన్ని కొలతలుంటే మా వాళ్లు ఒప్పుకోరు. నేనేం చెయ్యలేను," అన్నాడు. సహాయం చెయ్యబోయి ఆ పిల్ల ఆర్డరు నా చేతులతో నేనే తగలేశానని నాకు అర్థమైంది.

అప్పుడే అప్పలకొండ వచ్చింది. అలవాటు ప్రకారం గుమ్మంలో ఆగి లోపల కలియజూసింది. నా చేతిలో టేపు చూసి, పెట్టబోయిన అడుగు వెనక్కి తీసుకుంది. ఖాళీ డిప్పని రెండు చేతులతో ఛాతీకి అడ్డంగా పట్టుకుంది.

"బాబూ, అది లోపలెట్టీండి. అదుంటే నాను రాను," అంది. అంత గొంతున్న మనిషి గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు.

నేను టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. పూర్తిగా లోపలికి పోయిందని చూసుకున్నాక ఆమె వచ్చి సోఫా చివర కూర్చుంది. "ఏటైనాది? ఎందుకలగ అందరూ మొకాలు ఏలాడేసేరు?" అంది. నేను జరిగింది చెప్పాను. చెల్లెలు అంకె వెయ్యనంటోందనీ, దానివల్ల ఆర్డరు పోతోందనీ, షాపూ పోతుందనీ.

"అప్పా, నువ్వు ఒగ్గీ. టీ తాగుదాం రా," అంది కనకం గబగబా.

"నువ్వుండొలే." అప్పలకొండ నితీష్ వైపు తిరిగింది. "బాబూ, నా పెళ్లికి జాకెట్టు కుట్టించుకోడానికి టైలరు కాడికెల్లేను. ఈ సెల్లి అప్పుడు ఇంతేసి బొట్టి, నా కొంగట్టుకుని ఉంది. పెళ్లిళ్ల రోజులు. షాపు నిండా మా ఊరోళ్లే. ఆ టైలరు టేపు సుట్టి నలబై నాలుగూ అని అరిసేడు, లోపల రాసుకునీవోడికి ఇనబడాలని. ఆడికి ఇనబడిందో లేదో గాని ఊరంతటికీ ఇనబడింది. ఆ మర్నాటి నుంచీ నా పేరు అప్పలకొండ కాదు. నలబై నాలుగు. ఒలే నలబై నాలుగూ, ఇలగ రాయే. పెళ్లి పందిట్లో కూడా అదే."

అప్పలకొండ డిప్ప ఒళ్లోకి తీసుకుంది.

"పోనీ అంటారేటి, పేరే కదా అని. మాకు ఒడ్డున సేపల ఏలం పాట అవుద్ది బాబూ. నలబై రెండు వందలూ, నలబై మూడు వందలూ అని పాడుకుంటా పోతాం. నలబై నాలుగు కాడికి వచ్చీసరికి ఒడ్డంతా నా కాసి తిరిగి ఒకటే నవ్వులు. అందుకని నాను నలబై మూడు తరవాత నలబై అయిదు అనీత్తాను. ఆ ఎదవ అంకె నా నోట ఎందుకు రావాల?"

"దానివల్ల నీకు నష్టం కదమ్మా," అన్నాను నేను.

"నట్టమే. ఇన్నేళ్లూ పోసేను. పోతే పోనీ." చెల్లెలి వైపు చూసింది. "అప్పుడు ఈ బొట్టి టైలరు మీదకి ఎల్లి ఆడి టేపు లాక్కొచ్చి సముద్రంలో పారేసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇదేటో పెద్ద సదువు సదివి, పెద్ద షాపెట్టి, ఇంకా ఆ టేపే పారేత్తంది."

కనకం మొహం ఎర్రబడింది. అద్దాల బంతి తుడిచే గుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టింది. డాన్సెందుకో నాకు తెలిసింది. ఊపిరి, పొట్ట అంటూ నాకు చెప్పినదంతా నిజమే, కాకపోతే నిజంలో అది చిన్న ముక్క. ఒక్క సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

"మరి బావదీ నాదీ కశింకోట ఎలా అయిందే?" అన్నాను.

"మీరిద్దరూ కలిసొచ్చేరు కదా బాబాయ్. కలిసొచ్చినోళ్లకి ఒకటే మండలం. ఇద్దరు సావాసగాళ్లు వత్తారు, ఇద్దరు అప్పసెల్లెళ్లు వత్తారు. ఒకలిది చిన్నదీ ఒకలిది పెద్దదీ అని మెడ మీద రాసిత్తే ఇంటికెల్లేవరకూ అదే మాట. ఆ బ్యాంకు మేడమ్‌లు కూడా కలిసొచ్చుంటే ఇద్దరివీ చీడికాడే అయ్యుండును."

ఆ చుట్టూ వేలాడుతున్న చిన్న చీడికాడలూ పెద్ద చీడికాడలూ చూస్తే, ఎవరెవరు ఎవరితో కలిసి వచ్చారో నాకు తెలిసినట్టే అనిపించింది. ఈ పిల్లని పద్ధతీ పాడూ లేదని తిట్టాను. ఇంత పద్ధతిగా పనిచేసేవాళ్లని నేను చూడలేదు.

నితీష్ ఇందాకటి నుంచీ టీ షర్టు లాక్కోవడం మర్చిపోయి వింటున్నాడు. మెల్లిగా లేచాడు.

"మేడమ్, నాకొకటి కుడతారా?" అన్నాడు.

తలుపు వేసుకున్నారు. పాట మొదలైంది. అప్పలకొండా నేనూ టీ తాగుతూ విన్నాం. కుర్రాడు మొదట్లో మొహమాటపడ్డట్టున్నాడు, కాసేపటికి నేల అదిరింది. నా షాపులో కప్పులు గణగణమన్నాయి. వాళ్లు బయటికొచ్చేసరికి నితీష్ జుట్టు చెదిరిపోయి, కళ్లు మెరుస్తున్నాయి.

"లేబుల్ మీద మండలమే ఉండనివ్వండి. కొలత బార్‌కోడ్‌లో పెడదాం. దాన్ని మెషిన్ చదువుతుంది," అన్నాడు రొప్పుతూ. "మెషిన్ ఎవరికీ అరిచి చెప్పదు. మావాళ్లతో నేను మాట్లాడతాను."

"మీ షాపుల్లో నల్లగది కూడా ఉండాల," అంది కనకం.

"గది పెట్టిస్తాను."

"అద్దాల బంతి?"

"అదీ పెట్టిస్తాను మేడమ్."

కంపెనీలో పెద్దవాళ్లు మొదట నవ్వారట. ఒక్కొక్కళ్లచేతా డాన్సు చేయించాక ఒప్పుకున్నారని నితీష్ చెప్పాడు. అతను కొంచెం పెంచి చెబుతాడేమో నాకు తెలియదు. ఆర్డరు మాత్రం వచ్చింది, షాపు ఉంది. ఇప్పుడు ముంబైలో ఎవరో ఒకావిడ కె. కోటపాడు దొరక్క రెండు షాపులు తిరిగిందట. ఆ కబురు నేనే మా ఉమాదేవికి చెప్పాను. చాలా సంతోషించింది. బార్‌కోడ్ కోసం బట్టలు కొలిచే పని నాది. టేపు మాత్రం గోడ దాటి అటు వెళ్లదు, బట్టలే ఇటు వస్తాయి. కొలిచి, అంకె మనసులోనే అనుకుని, రాసేస్తాను. పెదవులు కూడా కదపను.

కంపెనీవాళ్లు విశాఖపట్నంలో ఒక హోటల్లో షో పెట్టారు. సన్నటి అమ్మాయిలూ పొడుగాటి అబ్బాయిలూ నడిచాక ఆఖర్న అప్పలకొండ వచ్చింది. అంచు చీర మీద నల్ల వెల్వెట్ జాకెట్టు, భుజాల నుంచి నడుం దాకా వెండి పొలుసులు. నడవమంటే నడవలేదు. పాట అందుకోగానే గంగమ్మ జాతరలో వేసే అడుగు వేసింది. ముందు వరసలో సన్యాసిరాజు బావ లేచి వెళ్లబోతే నేను చొక్కా పట్టుకుని ఆపవలసి వచ్చింది.

ఆ తర్వాత ఆదివారం పొద్దున్న నేనూ ఉమాదేవీ చేపలకని పూడిమడక వెళ్లాం. పడవలు వచ్చాయి. ఒడ్డున కోనం చేపలు కుప్ప పోశారు, వేలం పాట మొదలైంది. అప్పలకొండ అదే జాకెట్టు వేసుకుని నిలబడింది. ఎండకి ఆ పొలుసులు కోనాల మెరుపుతో పోటీ పడుతున్నాయి.

"నలబై రెండూ..."

"నలబై మూడూ!" అని ఎవరో అన్నారు.

అందరూ అలవాటుగా అప్పలకొండ వైపు తిరిగారు. నవ్వడానికి నోళ్లు సగం తెరిచారు కూడా.

"నలబై నాలుగూ!" అంది అప్పలకొండ. ఆ గొంతుకి ఇసకలో ఉన్న కాకులు లేచిపోయాయి.

వేలం వేసేవాడు ఆ అంకె ఆమె నోట ఎన్నడూ వినలేదు. తర్వాత అంకె ఏమిటో మర్చిపోయి, నోరు తెరుచుకుని నిలబడిపోయి, "నీదే అప్పా, తీసుకుపో," అనేశాడు. ముందు అప్పలకొండే నవ్వింది. తర్వాత ఒడ్డంతా నవ్వింది. అది ఎప్పటి నవ్వులాంటిది కాదు. ఉమాదేవి నా చెయ్యి పట్టుకుంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, సముద్రపు గాలి అన్నాను.

కోనాలు డిప్పలోకెత్తుకుంటూ అప్పలకొండ మమ్మల్ని చూసి పిలిచింది. "బాబూ, ఈ ఎనకాతల ఏటి రాసిందో సూసి సెప్పండి. మా సెల్లి గుంటనడిగితే సెప్పదు," అని మెడ దగ్గర కాలరు వెనక్కి తిప్పి చూపించింది.

వెండిరంగు గుడ్డముక్క మీద ఏ మండలమూ లేదు. అనకాపల్లి జిల్లా అని ఉంది.

గట్టిగా చదివాను. ఒడ్డు మీద అందరికీ వినపడేలా, మా పాత టైలరు కంటే గట్టిగా చదివాను. వాళ్లిప్పుడు ఆమెను నలభై నాలుగని పిలవడం లేదు. కలెక్టరమ్మ అంటున్నారు. మా ఊరి చేపల బజారులో కూడా అదే పేరు పాకింది. బేరం ఆడేవాళ్లు కూడా కాస్త వంగి ఆడుతున్నారు.

తిరిగొచ్చాక నేను కనకం దగ్గరికెళ్లి, నా కశింకోట తీసేసి నాకూ జిల్లా లేబులు కుట్టి పెట్టమని అడిగాను. జానెడు వెడల్పు ఎలాగూ ఉంది కదా, ఆ మాత్రం హోదా ఇస్తే తప్పేమిటన్నాను.

కనకం దారం కొరుకుతూ తలెత్తలేదు.

"జిల్లాకి కలెక్టరు ఒకరే ఉంటారు బాబాయ్. నువ్వు సన్యాసిరాజు మావయ్యతో కలిసొచ్చేవు, ఆయనతోనే ఉండు. ఆ జాకెట్టు సంకల కింద బిగుసుకుంతంది, ఇలగ ఇచ్చీ. నాలుగడుగులెయ్యి, సూత్తాను," అని పాట పెట్టింది.